తాటిగెల కేసులో బాలుడు

బాలల సత్వర పరివర్తన బిల్లు శాసనసభలో గట్టెక్కిన రోజున మా ఊళ్ళో అందరికంటే ముందు పటాకీ కాల్చినవాణ్ణి నేనే. ఆ బిల్లులో నా చేతిరాత కూడా కొంత ఉంది మరి.

సంగతేమిటంటే, మా వాడకట్టులో మణెమ్మ అని ఉంది. కూలికి పోయి బతుకుతుంది. ఆమె కొడుకు ఉపేందర్ పద్నాలుగేళ్ళవాడు. ట్రాన్స్‌ఫార్మర్ కింద పడివున్న మూరెడు రాగితీగ ఏరుకుని పాతసామాన్ల వాడికి అమ్మబోతూ దొరికిపోయాడు. వాణ్ణి జిల్లా కేంద్రంలోని బాలల హోముకు తీసుకుపోయి ఆరు నెలలైనా విచారణ జరగలేదు. ఎందుకు జరగలేదని అడిగితే తేదీ రాలేదన్నారు. తేదీ ఎందుకు రాలేదని అడిగితే చట్టం పాతదన్నారు. అప్పుడు మణెమ్మ నా దగ్గరికొచ్చి, "బీయే చదివినవు గద అన్నా, కొత్త చట్టం పెట్టుమని ఓ కాయితం రాయరాదు" అంది, అంగడికి పోతే ఉప్పు తెమ్మన్నంత తేలిగ్గా.

రాశాను. నలభై ఊళ్ళు తిరిగి సంతకాలు, వేలిముద్రలు పెట్టించాం. మా ఎమ్మెల్యే గారు దాన్ని సభలో చదివారు. చదువుతూ రెండుసార్లు కళ్ళు తుడుచుకున్నారని పేపర్లో వచ్చింది. పిల్లల బిల్లుకు అడ్డం చెప్పే దమ్ము ఎవరికీ ఉండదు, పూర్తిగా చదివే ఓపికా ఉండదు. రెండు పక్షాలవాళ్ళూ కలిసి బల్లలు చరిచారు. పొద్దున బిల్లుగా లోపలికి పోయింది, సాయంత్రానికి చట్టమై బయటికొచ్చింది.

చట్టంలో అన్నీ మంచి మాటలే. పోలీసులు యూనిఫారంలో పిల్లల దగ్గరికి పోకూడదు, 'ఒరేయ్' అనకూడదు. నేరం జరిగిన నాడు బాలుడైనవాడు కేసు తేలేదాకా బాలుడే. స్టేషన్ల వారీగా పిల్లల కేసులన్నీ వరసలో పెట్టి, పాతది ముందు, కొత్తది వెనక తేల్చాలి. ముందున్నది తేలకుండా వెనకదాన్ని ముట్టుకున్న అధికారికి ఇంక్రిమెంటు ఆగుతుంది. ఈ చివరి సెక్షను నాకు మరీ నచ్చింది. మా స్టేషన్ పరిధిలో పిల్లల కేసు ఉపేందర్‌ది ఒక్కటే అనుకున్నాను. "వారంల నీ కొడుకు నీ ఇంట్లుంటడు" అని మణెమ్మకు మాటిచ్చాను.

వారానికి జీపైతే వచ్చింది. దాని మీద కుందేలు బొమ్మ, అద్దాలకు రంగురంగుల గాలిబుగ్గలు. వెనక సీట్లో ఇద్దరు కానిస్టేబుళ్ళు పువ్వుల చొక్కాలు తొడుక్కుని నవ్వుతూ కూర్చున్నారు. నవ్వాలని రూలు. అలవాటు లేనందున దవడలు నొప్పి పెడుతున్నట్టు కనిపించారు. ముందు సీట్లోంచి జిల్లా బాలల పరివర్తనాధికారి చిదంబరం గారు దిగారు.

"ఇద్దయ్య అనే బాబు ఇల్లు ఎక్కడండీ?"

మా ఊళ్ళో ఇద్దయ్య ఒక్కడే. వయసు యాభై తొమ్మిది. ముందు పళ్ళు లేవు. ముగ్గురు పిల్లలు, ఐదుగురు మనవలు. ఆ వేళకు అరుగు మీద కూర్చుని బర్రెకు పగ్గం పేనుతున్నాడు. చిదంబరం గారు వెళ్ళి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. బాలుడి కళ్ళకు సమానమైన ఎత్తులో ఉండి మాట్లాడవలెనని నిబంధన.

"బాబూ ఇద్దయ్యా, భయపడకు. నేను నీ స్నేహితుణ్ణి" అంటూ జేబులోంచి చాక్లెట్ తీసి ఇచ్చారు.

ఇద్దయ్య చాక్లెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, మనవరాలిని పిలిచి ఇచ్చాడు. "ఎవలు సారూ మీరు? ఇన్సూరెన్సోళ్ళా?"

చిదంబరం గారు మోకాళ్ళ మీదే ఉండి ఫైలు విప్పారు. నలభై ఆరేళ్ళ కిందటి ఫైలు. అప్పటి మా ఊరి పోలీసు పటేలు మట్టారెడ్డి పొలం గట్టు మీది తాటిచెట్టెక్కి ఒక ముంజల గెల దొంగిలించినట్టు ఇద్దయ్య మీద ఆరోపణ. ఫిర్యాది మట్టారెడ్డి. ఫిర్యాదు అందుకున్న పోలీసు పటేలు కూడా మట్టారెడ్డే. ఆ తర్వాత కోర్టు మారింది, జిల్లా మారింది. ఫైలును మాత్రం ఎవరూ మూయలేదు. కొత్త చట్టం కోసం రికార్డు గది దులిపితే ఎలుకలు వదిలేసిన భాగం దొరికింది. నేరం నాటికి నిందితుడి వయసు పదమూడు. దానికి బడి రిజిస్టరే సాక్ష్యం. మా బడిలో పాత హెడ్మాస్టరు పిల్లలందరి పుట్టినరోజూ జూలై ఒకటి అని రాసేవారు. ఒక్క ఊళ్ళో నలభై మంది ఒకే రోజు ఎలా పుట్టారని చిదంబరం గారికి అనుమానం రాలేదు. రిజిస్టరు మీద స్టాంపు ఉంది.

"కావున చట్టం దృష్టిలో ఇద్దయ్య బాబు బాలుడు. వీరిని అరెస్టు చేయడం లేదు. సంరక్షణలోకి స్వీకరిస్తున్నాం" అన్నారు.

లోపల్నించి ఇద్దయ్య భార్య పుల్లమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"అమ్మా, మీరు బాబుకు ఏమవుతారు?"

"పెండ్లాన్ని."

చిదంబరం గారి కలం ఆగింది. "బాబుకు వివాహమైందా?"

"నాకు కూడ అనుమానంగనే ఉండె సారు. ముగ్గురు పిల్లలు పుట్టినంక నమ్మిన."

ఆయన తల పంకించి, విడిగా ఇంకో కాగితం తీసి దాని మీద 'బాల్యవివాహం' అని రాసుకున్నారు.

నేను అడ్డం పోయాను. "సారూ, మేం చట్టం పెట్టించింది ఉపేందర్ అనే పిల్లగాని కోసం. వాడేడి?"

"ఉపేందర్ బాబుది మీ స్టేషన్ వరసలో రెండో నంబరు. ఒకటో నంబరు ఇద్దయ్య బాబుది. సీనియారిటీ ఉల్లంఘించలేం కదండీ. ఒకటోది తేలిన మరుక్షణం రెండోది."

అప్పటికే మణెమ్మ వచ్చి గోడ పక్కన నిలబడింది. ఇద్దయ్య ఆమెను చూశాడు, చేతిలోని పగ్గం చూశాడు. "అంటే నేను వస్తనే పోరని సంగతి తేలుతదా?"

"తప్పకుండా బాబూ."

"తేలకపోతే?"

"మీరు రాకపోతే ఒకటో నంబరు పెండింగు. ఒకటి పెండింగైతే రెండు పెండింగు."

ఇద్దయ్య పగ్గం చివర ముడి వేసి కొయ్యకు తగిలించాడు. లోపలికి పోయి అంగీ తొడుక్కొచ్చాడు. "బర్రె చూడి మీదుంది, జర చూసుకో" అని పుల్లమ్మకు చెప్పి జీపెక్కాడు. ఎక్కుతుంటే ఒక కానిస్టేబుల్ ఆయన చేతికి ఎర్ర గాలిబుగ్గ ఇచ్చాడు.

ఆ తర్వాత మా ఊళ్ళో చట్టం అమలు కావడం మొదలైంది.

మొదటి నోటీసు పుల్లమ్మకు. బాలుణ్ణి వివాహమాడిన కారణమేమో పదిహేను రోజుల్లో తెలుపవలెనట. నేను చదివి వినిపిస్తే ఆమె, "ముప్ఫై ఆరేండ్ల సంది నేనూ గదే ఆలోచన చేస్తున్న. పదిహేను దినాలల్ల ఏం తేలుతది" అంది. ఇద్దయ్యకు బీడీలు అమ్మినందుకు కిరాణా సోమయ్యకు నోటీసు. బాలుడి చేత కాలువ మట్టి తీయించినందుకు ఉపాధి పనుల మేటుకు నోటీసు. పింఛను ఆగిపోయింది, బాలుడికి వృద్ధాప్యం ఎలా వస్తుందని. మా సర్పంచు పోయిన ఎన్నికల్లో ఒక్క ఓటుతో గెలిచాడు. ఓడిపోయినాయనకు ఈ సంగతి తెలిసి, మైనరు ఓటు కలిపారని కోర్టుకెక్కాడు. ఇద్దయ్య పిల్లలు ముగ్గురి మీదా అంగన్‌వాడీ టీచరు వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. బాలుడికి పిల్లలు పుడుతుంటే అప్పట్లో ఆమె శాఖ ఏం చేస్తున్నట్టని అడిగారు. అప్పటికి ఆమె ఇంకా పుట్టలేదని రాసిచ్చింది.

వారం రోజులు నన్ను అందరూ నమస్తే పెట్టి పలకరించారు. తర్వాత వట్టిగా పలకరించారు. ఆ తర్వాత కిరాణా సోమయ్య దారిలో నిలబెట్టి, "నువ్వు ఇగ కాయితం ముట్టకు అన్నా, ఊరంత చేతులెత్తి మొక్కుతం" అన్నాడు.

రెండో శనివారం ములాఖత్. మణెమ్మ, పుల్లమ్మ, నేను హోముకు పోయాం. ఇద్దయ్య నీలం నిక్కరు, తెల్ల చొక్కాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. పక్కనే ఉపేందర్. వాడి చొక్కా భుజాల కింద ఇద్దరు పట్టేలా ఉంది.

చిదంబరం గారు ఇద్దయ్య ఆరోగ్య పత్రం సంతోషంగా చూపించారు. డాక్టరు రాసింది: "ముందు పాలపళ్ళు రాలినవి. శాశ్వత దంతాలు ఇంకనూ రాలేదు. ఎత్తులో పెరుగుదల లేదు. తలవెంట్రుకలు తెల్లబడినవి, చదువు ఒత్తిడి కావచ్చును. రోజుకు రెండు గుడ్లు ఇవ్వవలెను." మనస్తత్వ నిపుణురాలు 'నా కల' అనే అంశం మీద బొమ్మ వేయమంటే ఇద్దయ్య బర్రె బొమ్మ వేశాడు. దాని కింద ఆమె రాసింది: "బాలుడికి పశుపోషణ పట్ల ఆసక్తి కలదు. పెద్దయ్యాక ఆ రంగంలో ప్రోత్సహించవచ్చును."

"బర్రె ఈనిందా?" అని ఇద్దయ్య పుల్లమ్మను అడిగాడు.

"ఈనింది. దున్నపోతు. అచ్చం నీ తీరే, పాలు తాగుడు, పండుడు." పుల్లమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నిక్కర్ల మంచిగనే ఉన్నవు. పెండ్లి నాడు గూడ ఇంత మంచిగ లేవు."

ఉపేందర్ తల్లితో గొంతు తగ్గించి, "అమ్మా, తాత కేసు ఎప్పుడైతదట?" అన్నాడు. గొంతు తగ్గించడానికి కారణం ఉంది. హోములో ఇద్దయ్యను ఎవరూ తాత అనకూడదని గోడ మీద ఉత్తర్వు అంటించారు. అలా అంటే బాలుడి మనోభావాలు దెబ్బతింటాయట. పిల్లలందరూ 'తమ్ముడూ' అనాలి, కొత్తగా వచ్చినవాడు కాబట్టి.

"జల్దీ అయితది బిడ్డా."

"పరీక్షలు పోయినయి. మా సారు నా పేరు కొట్టేసిండా?"

మణెమ్మ నన్ను చూసింది. నేను గోడ మీది ఉత్తర్వును రెండోసారి చదువుకున్నాను.

విచారణ రోజు వచ్చింది. బాలల న్యాయ బోర్డు గదిలో ఫర్నిచరంతా పిల్లల ఎత్తులో ఉండాలని చట్టం. పీటంత ఎత్తు బల్ల వెనక మేజిస్ట్రేటు మేడమ్ గారు, ఇద్దరు సభ్యులు చిన్న చిన్న కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. ఇద్దయ్య కూర్చోగానే ఆయన కుర్చీ విరిగింది. దాన్ని 'దూకుడు ప్రవర్తన' అని రాయాలా వద్దా అని సభ్యులిద్దరూ కాసేపు చర్చించి వదిలేశారు.

"కేసు పూర్వాపరాలకు ముందు ఒక సంగతి. ఈ బాబును ఎవరికి అప్పగించాలి? సంరక్షకుడు ఎవరు?" అన్నారు మేడమ్.

ఇద్దయ్య కొడుకు వెంకన్న ముందుకొచ్చాడు. "నేనున్న మేడమ్. కొడుకును."

చిదంబరం గారు లేచారు, అంటే వంగిన నడుము సరిచేసుకున్నారు. "పందొమ్మిదో నిబంధన ప్రకారం సంరక్షకుడు బాలుడికంటే కనీసం పద్దెనిమిది సంవత్సరాలు పెద్దవాడై ఉండవలెను మేడమ్. వీరు బాలుడికంటే ఇరవై ఐదేళ్ళు చిన్న."

"అంటే డెబ్బై ఏడేళ్ళు నిండినవారు కావాలి."

"నిండి, నడిచి రాగలిగి, సంతకం చేయగలిగినవారు మేడమ్. పదిహేను రోజుల్లో అట్టివారు దొరకనిచో ఫైలు స్పష్టత నిమిత్తం రాజధానికి పంపవలసి ఉంటుంది."

"రాజధాని నుంచి స్పష్టత రావడానికి ఎంత కాలం పడుతుంది?"

"ఇంతవరకు వచ్చిన వాటిలో శీఘ్రమైనది రెండేళ్ళు మేడమ్."

గుమ్మం దగ్గర మణెమ్మ కింద కూర్చుండిపోయింది.

ఊళ్ళో వెతికాం. డెబ్బై ఏడు దాటినవాళ్ళు ముగ్గురే తేలారు. బీరమ్మకు డెబ్బై తొమ్మిది, కానీ చెవులు, కళ్ళు, యాది మూడూ పోయాయి. పోచయ్యకు ఎనభై, మంచం దిగడు. మూడోవాడికి ఎనభై రెండు. నడుస్తాడు, సంతకం పెడతాడు, చెట్టంత ఉన్నాడు. ఆయన మట్టారెడ్డి. గెల పోగొట్టుకున్నాయన.

గెల కేసు మళ్ళీ తెరిచారని తెలిసిన నాటి నుంచి మట్టారెడ్డికి పదేళ్ళ వయసు తగ్గిందని ఊరంతా అనుకుంటున్నారు. మోకాళ్ళ నొప్పులు పోయాయని కోడలు కూడా చెప్పింది. పుల్లమ్మ, మణెమ్మ, నేను వెళ్ళేసరికి పడక్కుర్చీలో కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు.

నేను సంగతి చెప్పాను. మట్టారెడ్డి నమలడం ఆపాడు.

"నా గెల దొంగకు నేను తండ్రిగ సంతకం పెట్టాల్నా? బీయే చదివి నీకేమన్న పిచ్చి లేసిందా?"

"తండ్రిగ కాదు, సంరక్షకునిగ."

"ఒకటే గద. నలభై ఆరేండ్లు చూసిన న్యాయం కోసం. గెల దానంతటదే పడ్డదని వాదించిండు వాడు. నేను నా చెట్టు కింద నిలబడి ఆకాశం దిక్కు చూసిన, దానంతటదే ఎట్ల పడ్డదని. ఊరంత నవ్విండ్రు."

పుల్లమ్మ అంది: "పటేలా, కట్టుకున్న నేను గూడ ఆయనను గంతగనం యాది చేయలె. నాకంటె నువ్వే ఎక్కువ కాపురం చేసినవు."

కోడలు నవ్వాపుకోలేక లోపలికి పోయింది. మట్టారెడ్డికి కోపం పెరిగింది. అప్పటిదాకా మాట్లాడని మణెమ్మ ఆయన ఎదురుగా వచ్చి కూర్చుంది.

"నీ గెలది నలభై ఆరేండ్ల బాధ పటేలా. నా పోరనిది పదకొండు నెలలదే. పెద్దది నీదే, నేను కాదంటలేను. కని నీ గెల కోసం నీ ఇంట్ల ఎవలు బువ్వ మానలె. నేను నెల రోజుల సంది గిన్నెల సగం వదిలిపెట్టి లేస్తున్న. నువ్వు సంతకం పెట్టకుంటే వాడు మీసాలొచ్చినంక ఇంటికొస్తడు."

మట్టారెడ్డి చేతిలోని రొట్టెముక్కను పళ్ళెంలో పెట్టాడు.

"వస్త. కని ఒక్క మాట. వాడు అందరి ముంగట ఒప్పుకోవాలె. ఎక్కిన, కోసిన, ఎత్తుకపోయిన అని నోటితోని అనాలె. అన్నంకనే కలం తీస్త."

ఈ మాట మోసుకుని నేను హోముకు పోయాను. ఇద్దయ్య వింటూనే అడ్డంగా తలూపాడు.

"గెల దానంతటదే పడ్డది."

"ఇద్దయ్యా, ఊరందరికీ తెలుసు."

"తెలిస్తే తెలవనీ. మా అయ్య సచ్చేముంగట గూడ అడిగిండు, పడ్డదనే చెప్పిన. ఇప్పుడు ఆ మట్టారెడ్డి ముంగట నోరు తెరువుమంటవా? నాకు మానం లేదా?"

వరండాలో ఉపేందర్ గిన్నె కడుగుతున్నాడు. ఇద్దయ్య అటు చూసి, చూపు తిప్పుకుని, మళ్ళీ చూశాడు.

పదిహేనో రోజున బోర్డు గది కిక్కిరిసింది. మట్టారెడ్డి తెల్ల రుమాలు చుట్టుకుని, కలం జేబులో పెట్టుకుని వచ్చాడు. పీటంత కుర్చీలో కూర్చోనని నిలబడే ఉన్నాడు. రెండో నంబరు కాబట్టి ఉపేందర్‌ను కూడా తెచ్చి గోడవారన బెంచీ మీద కూర్చోబెట్టారు.

"బాబూ, ఆ రోజు ఏం జరిగిందో కథ చెప్పినట్టు చెప్పు" అన్నారు మేడమ్.

ఇద్దయ్య నిక్కరు అంచు కిందికి లాక్కున్నాడు. గోడవార బెంచీ వైపు ఒకసారి చూశాడు.

"ఎక్కిన. కోసిన. ఎత్తుకపోయిన. గెల దానంతటది పడలె."

మట్టారెడ్డి కళ్ళు మూసుకున్నాడు. భజన వింటున్నవాడిలా ఉన్నాడు. "జర గట్టిగ చెప్పుమనుండ్రి. చెవి సరిగ వినరాదు" అన్నాడు. ఇద్దయ్య గట్టిగా చెప్పాడు. మట్టారెడ్డి కలం మూత తీశాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నలభై ఆరేళ్ళ మానం పోయిన ఉక్రోషంలో ఇద్దయ్య ఇంకో మాట అన్నాడు. "ఐనా ఏం గెల అది. సగం కాయలు ముదిరినయే. పారేసిన."

కలం మూత మళ్ళీ పడింది.

"ఏమన్నవ్? నా చెట్టు కాయ ముదిరిందా? లేతముంజకు మూడూళ్ళల్ల పేరు దానికి. తాసిల్దారు అడిగి పంపించుకునేటోడు. దొంగతనం జేసి పైనుంచి వంక పెడుతవా?"

చిదంబరం గారు గాభరాగా లేచారు. "ఫిర్యాదుదారు బాలుడితో మృదువుగా సంభాషించవలెను."

"నీ మృదువు పాడుగాను. నేను పెట్ట సంతకం. పోనీయుండ్రి రాజధానికి" అని మట్టారెడ్డి గుమ్మం వైపు తిరిగాడు.

మణెమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. ఆమె మట్టారెడ్డిని చూడటం లేదు, ఇద్దయ్యను చూస్తోంది. ఇద్దయ్య ఒక అడుగు ముందుకేశాడు.

"పటేలా, ఆగు. అబద్ధమాడిన. అన్ని లేతయే. ఒక్కటి పారేయలె. పన్నెండు కాయలు నేనే తిన్న, తోపుల కూసోని. తియ్యటి నీళ్ళు మోచేతుల దాక కారినయి. మళ్ళ గసోంటి ముంజ ఏడ తినలె. గది నిజం."

మట్టారెడ్డి మెల్లగా వెనక్కి తిరిగాడు. కళ్ళలో తడి.

"పద్నాలుగు కాయలు" అన్నాడు. "పన్నెండు కాదు. రాసుకోండ్రి."

రాసుకున్నారు. మట్టారెడ్డి వంగి, పీటంత బల్ల మీద సంతకం పెట్టాడు. మేడమ్ ఉత్తర్వు చదివారు. బాలుడు తప్పు తెలుసుకున్నందున సలహా ఇచ్చి సంరక్షకుడికి అప్పగించడమైనది. మూడేళ్ళపాటు బాలుడు సంరక్షకుడి ఇంట్లోనే నివసించవలెను. సంరక్షకుడు బాలుణ్ణి కంటికి దూరం కానివ్వరాదు, చెడు సావాసాలకు పోనివ్వరాదు.

"మా ఇంట్లనా?" అన్నాడు మట్టారెడ్డి.

"మీరే సంతకం చేశారు కదండీ" అన్నారు చిదంబరం గారు.

"నా బర్రెనో?" అన్నాడు ఇద్దయ్య. దానికి నిబంధన లేదు కాబట్టి ఎవరూ జవాబివ్వలేదు.

వెంటనే రెండో నంబరు పిలిచారు. ఉపేందర్ లేచి చేతులు కట్టుకున్నాడు.

"ఏం పోయింది?" అన్నారు మేడమ్.

"రాగితీగ మేడమ్. మూరెడు" అన్నారు చిదంబరం గారు.

"ఎవరిది?"

"విద్యుత్ శాఖది. వారిని అడగ్గా తమది కాదని తెలిపియున్నారు."

"ఫిర్యాది?"

"లేరు మేడమ్."

మేడమ్ ఫైలు అట్టల్లోకి తొంగి చూశారు, ఇంకేమైనా ఉందేమోనని. ఏమీ లేదు. "పదకొండు నెలలు ఎందుకు ఉంచారు?"

"మొదట్లో తేదీ లేదు మేడమ్. తర్వాత ఒకటో నంబరు ఉంది."

"ఇంటికి పో బాబూ. బాగా చదువుకో" అన్నారు మేడమ్. మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది. గోడ గడియారం నేను చూడలేదు. మణెమ్మకు గడియారం చూడరాదు, అయినా పెద్దముల్లు దాటిన నాలుగు గీతలూ లెక్కపెట్టుకుంది.

మూడో నాటి పొద్దున పాలకేంద్రానికి పాలు తీసుకుని మణెమ్మ ఇంటి ముందు నుంచి పోతున్నాను. తెల్లవారుతోంది. ఉపేందర్ వాకిట్లో నడుమ నిలబడి ఉన్నాడు. చేతులు కట్టుకుని, కళ్ళు ఎదురుగా గోడ మీద నిలిపి, నిటారుగా ఉన్నాడు.

"ఒకటి" అన్నాడు.

మణెమ్మ చీపురు పట్టుకుని నన్ను చూసింది. "మూడు దినాల సంది గిదే అన్నా. లేపక ముందే లేచి ఈడ నిలబడుతుండు. లోపలికి రమ్మంటే రాడు. తిందువు రమ్మంటే కదలడు. అరగంట నిలబడి, మళ్ళ తనే కూలబడతడు."

"ఒకటి" అన్నాడు వాడు మళ్ళీ.

అప్పుడే ఇద్దయ్య వేపపుల్ల నములుతూ వచ్చాడు. ఆయన వెనక పది బారల దూరంలో మట్టారెడ్డి కర్ర పొడుచుకుంటూ, ఆయాసపడుతూ వస్తున్నాడు. మూడు రోజులుగా ఇద్దయ్య ఎటు పోతే ఆయన అటే పోతున్నాడు, ఉత్తర్వు ప్రకారం. ఇద్దయ్య ఉపేందర్‌ను చూసి వేపపుల్ల పారేశాడు.

"ఆ హోముల పొద్దుగాల లెక్క పెడుతరు మణెమ్మా. వరస మొత్తం లెక్క అయ్యేదాక ఎవడు కదలొద్దు. నడుమల ఒక్కడు తప్పితే మళ్ళ మొదటి నుంచి" అని మెల్లగా చెప్పి, వెళ్ళి పిల్లవాడి పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "రెండు."

మట్టారెడ్డి వచ్చి ఆగాడు. "ఏందిరా ఇది?"

"నిలబడు పటేలా. మాట్లాడొద్దు."

మట్టారెడ్డి ఇద్దయ్యను చూశాడు, పిల్లవాణ్ణి చూశాడు. కర్ర చంకలో పెట్టుకుని, చేతులు కట్టుకుని, "మూడు" అన్నాడు.

నేను పాలక్యాను కింద పెట్టి, "నాలుగు" అన్నాను. మణెమ్మ చీపురు గోడకు ఆనించి వచ్చి నా పక్కన నిలబడింది. చివరికి, "ఐదు" అంది.

ఉపేందర్ తల తిప్పి వరస వెంట ఒక్కొక్కర్నీ చూశాడు. ఎవరూ తప్పిపోలేదు. కట్టుకున్న చేతులు వదిలాడు.

"అమ్మా, ఇగ ఇంట్లకు పోవచ్చా?" అన్నాడు.